పాటిదిబ్బ మీద గుంట

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు వదిలి, నల్లరేగడి చేల మధ్య మట్టిబాటలో కొంతదూరం పోతే ఒక ఊరు వస్తుంది. ఊరికి పడమట ఒక దిబ్బ ఉంది. పాత ఊరొకటి పాడుబడి మట్టిలో కలిసిన చోటు. ఊరివాళ్ళు దాన్ని పాటిదిబ్బ అంటారు. పాటిమన్ను చేనుకు బలమని తాతల కాలంలో బండ్లతో తోలుకున్నారు, ఇప్పుడు ట్రాక్టర్లతో తోలుకుంటున్నారు. సగం దిబ్బ అట్లా చేలలోకి పోయింది. మిగిలిన సగంలో ఒక గుంట తీసి, లోపల ఏముందో చూడడానికి మేము వెళ్ళాం.

మేమంటే ఇద్దరమే. నేను, నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అబ్బాయి. ఆదోనిలో పుట్టి పెరిగినవాడు. ముప్పై దాటినా నేను అబ్బాయి అనే అంటాను. కోటలు, గుళ్ళు కట్టించినవాళ్ళ గురించి చాలామంది రాశారు. విజయనగరం రాజుల కాలంలో, ఆ తర్వాత సుల్తానుల కాలంలో ఈ పల్లెల్లో మామూలు జనం ఎట్లాంటి ఇళ్ళలో ఉన్నారు, దేంట్లో వండుకున్నారు అన్నది మా పని. దొరికేవి కుండ పెంకులు, బూడిద, గాజుల ముక్కలు, మట్టిగోడల అడుగులు.

ఈ తవ్వకం నిజానికి నా భర్త మొదలుపెట్టాల్సింది. మేమిద్దరం ముప్పై ఏళ్ళు ఇదే పని కలిసి చేశాం. అనుమతి కాగితం ఆయన పేరు మీద వచ్చేటప్పటికి ఆయన కర్నూలు ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడినుంచి ఇంటికి రాలేదు. మరుసటి ఏడు అనుమతి నా పేరు మీదికి మార్పించుకుని వెళ్ళాను. అప్పటికి నాకు ఒక జబ్బు పట్టుకుని ఉంది. ప్రతిదానికీ భయం. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. ఎవరైనా చెప్పిన వేళకు రాకపోతే అరచేతులు చెమటలు పట్టేవి. పనిలో పడితే తగ్గుతుందని అందరూ అన్నారు.

ఊళ్ళోవాళ్ళు కొందరు కూలికి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకామె మట్టి తట్టలు మోసేది. మాట్లాడుతూనే పని చేసే మనిషి. ఆమె భర్త ఆదోనికి ఆటో తోలుతాడు. అత్త ఇంట్లోనే పరుపులు, దిండ్లు కుడుతుంది. దూది పని వాళ్ళ ఇంటి పని. వాళ్ళకు నాలుగేళ్ళ కూతురు. తల్లి వెంట రోజూ దిబ్బ మీదికి వచ్చి, తీసిపోసిన మట్టికుప్ప మీద ఆడుకునేది. నన్ను గుంతవ్వ అని పిలిచేది. గుంతలో ఉండే అవ్వను కాబట్టి.

మొదటిరోజు గడ్డపార వేయడానికి ముందు ఆడవాళ్ళు అక్కడ పసుపు కుంకుమ పెట్టారు, ఒక నిమ్మకాయ కోసి నాలుగు దిక్కులా పిండారు, కొబ్బరికాయ కొట్టారు. వద్దనడం నాకు అలవాటు లేదు. భూమిని గాయపరిచే పని ఊరికే మొదలుపెట్టకూడదని వాళ్ళ నమ్మకం. ట్రాక్టరు తోలే మనిషి ఒకడు రోజూ ఆ దారిన పోతూ ఆగేవాడు.

"ఏమ్మా, బంగారం తగిలిందా?"

"తగల్లేదప్పా."

"తగిల్తే నాకొక బిస్కత్తు ఇయ్యి. సాయంత్రం టీలో అద్దుకుంటా."

తట్టలు మోసే ఆమె ఊరుకునేది కాదు. "నీ మొగానికి పార్లేజీ బిస్కత్తు సాల్లే, పోన్నా."

అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుల వెనక మాటలు కూడా నాకు తెలుసు. ఈ జిల్లాలో గుప్తనిధులని చెప్పి గుళ్ళ కింద, వీరగల్లుల కింద తవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు. తవ్వేముందు బలి ఇస్తారని చెప్పుకుంటారు. కోడి బలి చాలకపోతే ఇంకేం ఇస్తారో కూడా చెప్పుకుంటారు. మా చేతిలో ప్రభుత్వ కాగితం ఉంది, జీపు ఉంది, అయినా మేమూ తవ్వేవాళ్ళమే.

పాపకు గుంట అంటే ఇష్టం. దిగడానికి ఒక మూల మట్టిలోనే మెట్లు వదిలాం. సాయంత్రం పని ఆపేటప్పుడు గుంట అడుగున నీలం ప్లాస్టిక్ పట్ట పరిచి, అంచులకు రాళ్ళు పెట్టేవాళ్ళం. పొద్దున వచ్చి తీసేవాళ్ళం. ఒకటి రెండుసార్లు పాప ఆ పట్ట కిందికి దూరింది. లోపల నీలంగా ఉంటుందట. చల్లగా ఉంటుందట. కాళ్ళు పట్టుకుని బయటికి లాగాల్సి వచ్చింది. తల్లి వీపు మీద ఒకటి వేసింది. నేను కూడా గట్టిగానే చెప్పాను.

అడుగున మాకు ఒక ఇంటి నేల దొరికింది. మట్టి, పేడ కలిపి అలికి అలికి గట్టిపడిన నేల. ఒక మూల మూడు రాళ్ళ పొయ్యి, చుట్టూ బూడిద. అంతకంటే కిందికి పోలేదు. కాలం అయిపోయింది, ఎండలు ముదిరాయి. కొలతలు తీసుకుని, బొమ్మలు గీసుకుని, గుంట మూసేయాలి. తవ్వినదాన్ని మూయకపోతే వాన కరిగిస్తుంది, గొడ్లు పడతాయి.

మూసే పద్ధతి ఒకటుంది. తవ్వడం ఎక్కడ ఆపామో ఆ నేల మీద ప్లాస్టిక్ పట్ట పరుస్తాం. పట్ట మీద ఆ ఏడాది అచ్చయిన నాణేలు కొన్ని వేస్తాం. తర్వాత మట్టి పోస్తాం. రేపెప్పుడో ఇంకొకరు అక్కడ తవ్వితే, పట్ట వరకు ముందే ఒకరు చూశారని, ఏ కాలంలో చూశారని నాణెం చెబుతుంది. మా పనిలో అందరూ చేసేదే. అంతమంది చూస్తుండగా చేయడం ఎట్లా కనిపిస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆఖరి రోజు పొద్దున, ట్రాక్టరు వస్తుందని, పాపను ఇంటికి పంపించెయ్యమన్నాను. వాళ్ళ పక్కింటామె ఒకతె పొలం నుంచి పోతూ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నేను గుంటలోకి దిగి నాలుగు గోడలూ చూసుకుని పైకి వచ్చాను. అబ్బాయి దిగి పట్ట పరిచాడు. పొయ్యి రాళ్ళను కదిలించకుండా వాటి మీదుగానే పరిచాడు. నాణేలు వేశాడు. తట్టలు మోసే ఆమె పైనుంచి చూస్తూ, "ఏంది సార్, భూమ్మకు దచ్చిణా?" అంది. అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత అందరం మట్టికుప్పకు అవతల నీడలో కూర్చుని అన్నాలు తిన్నాం. అక్కడినుంచి గుంట కనిపించదు. తింటుండగానే ట్రాక్టరు వచ్చింది. నేను లేచి గుంట అంచుకు పోయి లోపలికి చూశాను. నీలం పట్ట. మూల పొయ్యి ఉన్న చోట ఎత్తుగా ఉంది. పూడ్చమని చెయ్యి ఊపాను.

ట్రాక్టరు తోలే మనిషి వెనకున్న పలకతో మట్టి తోసేశాడు. దుమ్ము లేచింది. ఎక్కువసేపు పట్టలేదు. పైన అటూ ఇటూ తొక్కించి, ఇంకో చోట పని ఉందని వెళ్ళిపోయాడు. కూలివాళ్ళు ఇళ్ళకు పోయారు. మేము పెంకుల సంచులు జీపులోకి ఎక్కిస్తున్నాం.

తట్టలు మోసే ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. పైట జారిపోయి ఉంది.

"అమ్మా, పాప ఈడికొచ్చిండాదా?"

"లేదే. ఇంటికి పంపించాం కదా."

"ఇంటికి పోయిందంట. అన్నం తినిందంట. మా అత్తకు గుంతకాడికి పోతానని సెప్పి బయటికొచ్చిందంట. ఊరంతా సూసినా. ఎవురింట్లో లేదు."

ఆమె నన్ను చూడడం లేదు. నా వెనకున్న మట్టిని చూస్తోంది. అక్కడ గుంట లేదు. చదునుగా, ట్రాక్టరు చక్రాల గుర్తులతో ఉంది. నేను కూడా తిరిగి చూశాను. అబ్బాయి చేతిలో ఉన్న సంచి కింద పెట్టాడు. ముగ్గురికీ ఒకటే తోచింది.

నాకు మూల ఎత్తుగా ఉన్న పట్ట గుర్తొచ్చింది. పొయ్యి అనుకున్నాను. ఎంత ఎత్తు ఉంది? మూడు రాళ్ళ ఎత్తేనా? నేను అంచున నిలబడి చూశాను. చెయ్యి ఊపాను. గుర్తు తెచ్చుకుంటున్న కొద్దీ ఆ ఎత్తు పెరుగుతోంది.

ఆమె మట్టి మీద పడి చేతులతో లాగడం మొదలుపెట్టింది. అబ్బాయి పార తీసుకున్నాడు. నేను పార లాక్కుని అవతల పారేశాను. "పార వద్దు. చేతులతోనే." ఆ మాటతో ఆమెకు అర్థమైపోయింది, నేను కూడా అదే అనుకుంటున్నానని. ఆమె అరిచిన అరుపుకు ఊరు కదిలింది.

మనుషులు వచ్చారు. మొదట నలుగురు, తర్వాత ఎందరో. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వంగి మట్టి తీయసాగారు. తట్టలు చేతులు మారుతున్నాయి. తీయనివాళ్ళు మాట్లాడుతున్నారు.

"నిమ్మకాయ కోసినారంట గదప్పా మొదట్లో."

"అది మనోళ్ళే కోసిండేది."

"ఈపొద్దు డబ్బులేసినారు లోపల. డబ్బులేసి పూడ్చినారు. నా కండ్లతో సూసినా. డబ్బులేంటికి ఏస్తారు?"

ఎవరో జీపు తాళం తీసేసుకున్నారు. ఒకాయన అబ్బాయి చొక్కా కాలరు పట్టుకున్నాడు. "సెప్పురా. డబ్బులేంటికేసినావు? ఏం పూడ్చినావు?" అబ్బాయి చెప్పడానికి ప్రయత్నించాడు. రేపు తవ్వేవాళ్ళకు తెలియడానికి, అన్నాడు. ఆ మాట ఆ చోట ఎంత అన్యాయంగా వినిపించిందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"రేపెవుడు తవ్వుతాడురా? యాడ నుంచి వస్తాడు వాడు?"

"బలి" అన్న మాట వెనకనుంచి ఒక ఆడగొంతు అంది. చిన్నగా అంది. అయినా అందరికీ వినబడింది. కాలరు పట్టుకున్న మనిషి అబ్బాయి చెంప మీద కొట్టాడు. నేను లేవలేదు. లేస్తే తవ్వేవాళ్ళలో ఒకరు తగ్గుతారు. నాకు మనుషుల భయం వేయలేదని కాదు. వాళ్ళు మమ్మల్ని ఏం చేసినా అది పట్ట బయటపడిన తర్వాతే చేస్తారు, పట్ట కింద ఏముందో దాని కంటే అది పెద్ద విషయం కాదు అనిపించింది.

ఆటో మట్టిబాటలో ఎగిరెగిరి పడుతూ వచ్చి ఆగింది. పాప తండ్రి దిగాడు. దారి ఇచ్చారు. అతను నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని తవ్వసాగాడు. నన్ను ఒక్కసారి చూశాడు.

"యాడ, అమ్మా? ఏ మూల?"

నాకు తెలుసు ఏ మూలో. ఆ మూల చూపించాను. చూపించిన వేలు నాదని నాకు అనిపించలేదు.

మట్టి ఛాతీ లోతు ఉంటుంది. వదులు మట్టి కాబట్టి తీసిన కొద్దీ పైనుంచి జారుతుంది. ఆ మట్టి కింద ఒక పిల్ల ఎంతసేపు ఉండగలదో అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు. తల్లి కూడా తెలిసే తవ్వుతోంది. మధ్యలో ఒకసారి ఆగి, గట్టిగా పేరుపెట్టి పిలిచి, అందరినీ మాట్లాడొద్దని చేత్తో సైగ చేసి, మట్టికి చెవి ఆనించింది. దిబ్బ మీద అంతమంది ఉన్నా దూరంగా రోడ్డు మీద బస్సు పోతున్న చప్పుడు వినిపించింది. ఆమె తల ఎత్తి మళ్ళీ తవ్వింది.

కర్నూలు ఆసుపత్రిలో ఒక తలుపు ముందు నేను ఇట్లాగే కూర్చున్నాను. లోపల అయిపోయిందని నాకు తెలుసు. ఎవరూ వచ్చి చెప్పలేదు కాబట్టి ఇంకా అవలేదు. ఆ కాసేపు ఎంత భయంకరమైనదో, అయినా అది అయిపోకూడదని ఎంత కోరుకున్నానో నాకు తెలుసు. పట్ట దగ్గరపడుతున్న కొద్దీ నా చేతులు నెమ్మదించాయి. తండ్రి చేతులు కూడా.

నీలం కనిపించింది. మొదట అంచు, తర్వాత మూల. మూల ఎత్తుగా ఉంది.

తల్లి దాన్ని చూసి వెనక్కి పడింది. ఎవరో పట్టుకున్నారు. తండ్రి పట్ట అంచు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. లాగలేదు. నన్ను చూశాడు. నేనే పట్టుకుని లాగాను.

మూడు రాళ్ళు. బూడిద. అంతే.

పట్ట మొత్తం లాగేశాం. నాణేలు ఎటో పోయాయి. అలికిన నేల, పగుళ్ళు, మేము కొలతలకు కొట్టిన మేకుల గుర్తులు. పాప లేదు.

పైన మనుషులు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. కానీ అది ఎక్కువసేపు లేదు. తండ్రి గడ్డపార అడిగాడు. "కింద సూడాల" అన్నాడు. "ఈ కింద పెట్టినారేమో. కింద తవ్వాల." ఎవరో పైనుంచి గడ్డపార అందించారు. అతను ఎత్తి నేల మీద వేశాడు. పొయ్యి పక్కన పెచ్చు ఊడింది. ఇంకోటి వేశాడు.

నేను గడ్డపారకు అడ్డం పోయి అతని మణికట్టు పట్టుకున్నాను. పొయ్యి కోసం కాదు. ఆ క్షణంలో ఆ పొయ్యి ఉన్నా పోయినా నాకు ఒకటే. అతను అక్కడ తవ్వుతున్నంతసేపు ఊరంతా అక్కడే ఉంటుంది. పాప అక్కడ లేదు. అంటే ఇంకెక్కడో ఉంది. అక్కడ ఇప్పుడు ఎవరూ వెతకడం లేదు.

"నాయనా, ఒకసారి చెయ్యి పెట్టు. చెప్పేది విని తర్వాత నన్నేమైనా చెయ్యి." అతని అరచేతిని నేలకు ఆనించాను. "ఇందాకటి నుంచి తీసిన మట్టి పిడికిట్లో ఆగలేదు. చూశావు కదా? ఇది చూడు. గోరు దిగుతుందా?"

అతను గోరుతో గీశాడు. గీత కూడా పడలేదు.

"తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్ళయినా ఇట్లా కాదు. దీన్ని ఎవరూ కదిలించలేదు. మీ తాతల తాతలు పుట్టకముందు అలికారు. అప్పటినుంచి ఇట్లాగే ఉంది. దీని కింద పాప ఎట్లా ఉంటుంది? ఈ రోజు ఎవరో కదిలించిన చోటే ఉంటుంది ఏదైనా."

నేనేదో తెలివిగా చెప్పాలని చెప్పింది కాదు. నా పనిలో నాకు గట్టిగా తెలిసిన విషయం అదొక్కటే. అతను నమ్మాడో లేదో తెలియదు. కానీ గడ్డపార వదిలేశాడు. నేల మీద చెయ్యి అట్లాగే ఉంచి ఏడ్చాడు.

తల్లి ఏడవడం లేదు. గుంట అంచున నిలబడిన అత్తను చూస్తోంది. అత్త ఊరినుంచి చివరగా వచ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని ఉంది. ఆమె తల నిండా, చీర నిండా దూది అంటుకుని ఉంది.

"అత్తా, నీ తలంతా దూదేంది?"

"పొద్దున్నుంచి కూరుతాంటి గదమ్మే. ఆదోని వాళ్ళ పరుపు."

"కుట్టేసినావా మూతి?"

"యాడ కుట్టేది? సగమే కూరినా. పాప లేదంటే ఉరికొస్తి ఊళ్ళోకి."

"యాడుండాది అది?"

"ఆ రూములోనే. దూది కుప్ప పక్కన."

తల్లి మట్టి మెట్లు కూడా చూసుకోకుండా పైకి పాకి ఊరివైపు పరుగెత్తింది. ముందు తండ్రికి అర్థం కాలేదు. అర్థమయ్యాక అతను ఆమెను దాటిపోయాడు. మేమంతా వెనక పరుగెత్తాం. మా తాళం, మా కాలరు అందరూ మర్చిపోయారు. నా వయసులో పరుగెత్తకూడదు. అబ్బాయి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. అతని పెదవి చిట్లి ఉంది.

మేము పోయేటప్పటికి వాళ్ళు ఆ గది అంతా దూది చేసి ఉన్నారు. పరుపు గలీబు, అంటే దూది కూరే పెద్ద గుడ్డసంచి, సగం నిండి గోడవారగా పడి ఉంది. దాని నోరు గోడవైపు ఉంది. పాప బయటికి పోతానని చెప్పి, వాకిట్లోంచి మళ్ళీ వెనక్కి వచ్చి, తన అవ్వ చూడకుండా అందులోకి దూరింది. ఎందుకో పిల్లలకే తెలియాలి. గుంటలో పట్ట కిందికి దూరనివ్వలేదు, ఇక్కడ అట్లాంటిదే ఇంకొకటి దొరికింది. తండ్రి గలీబులోకి భుజాల దాకా దూరి, కాళ్ళు పట్టుకుని బయటికి లాగాడు.

పాప మెత్తగా వేలాడింది. ఒళ్ళంతా చెమట. ముక్కులో, నోట్లో దూది. పెదవులు నీలంగా ఉన్నాయి. "యా అల్లా" అని అవ్వ గోడకు కొట్టుకుంటోంది. తల్లి వేలితో నోట్లోంచి దూది లాగింది. తడిసిన దూది ఉండ. ఇంకోటి. తలకిందులు చేసి వీపు మీద చరిచింది. నేను ఆమె మొహం చూశాను. ఇప్పటికీ నిద్రలో వచ్చేది గుంట కాదు, ఆ మొహం.

పాప దగ్గింది. చాలా చిన్న దగ్గు. ముసలివాళ్ళ దగ్గులాగా ఉంది. తర్వాత ఊపిరి పీల్చిన చప్పుడు. ఎవరూ సంతోషించలేదు. అందరం ఇంకో ఊపిరి కోసం చూశాం. అది వచ్చింది. దాని తర్వాతది కోసం చూశాం.

ఆటోలో ఆదోనికి తీసుకుపోయారు. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. ఎక్కాను. తల్లి ఒడిలో పాప, పక్కన నేను. దారంతా పాప కళ్ళు మూసుకునే ఉంది. కొంచెం సేపటికొకసారి తల్లి దాన్ని కుదిపి, "గుంతవ్వ ఈడుండాది సూడు" అని పిలిచేది. పాప కళ్ళు తెరిచేది, మళ్ళీ మూసేది. రోడ్డు మీద పత్తి మూటల లారీ ఒకటి అడ్డం వచ్చింది. తండ్రి హారన్ మీద చెయ్యి తీయలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు ఇంకొంచెం ఆలస్యమై ఉంటే అని మొదలుపెట్టి, తల్లిని చూసి ఆపేశాడు. రేపటిదాకా ఉంచుతామన్నాడు. చీకటి పడేటప్పటికి పాప నీళ్ళు అడిగింది. తాళం తిరిగి తీసుకుని జీపులో వెనకే వచ్చిన అబ్బాయి, వరండాలో కూర్చుని ఉన్న నాకు ఆ విషయం చెప్పాడు. అతని చెంప వాచి ఉంది. దానికి ఏమైనా పెట్టించుకోమన్నాను. "ఏం కాదు మేడం" అన్నాడు. తర్వాత కొంచెంసేపటికి, "నేనే అయినా కొట్టుండేవాణ్ణి" అన్నాడు.

తెరిచిన గుంటను అట్లా వదిలిపోలేం. మరుసటి రోజు వెళ్ళాం. ట్రాక్టరు మనిషి రానన్నాడు. నేను పూడ్చను, నాతో కాదు అన్నాడు. కూలికి ఎవరూ రాలేదు. అడుగున పట్ట మళ్ళీ పరిచి, గుంట చుట్టూ కంప నరికి వేసి వచ్చేశాం. ఆ రోజు సాయంత్రం పాపను ఇంటికి తెచ్చారని తెలిసింది. ఆ మరుసటి రోజు మళ్ళీ పోతే దిబ్బ మీద కొందరు ఉన్నారు. ట్రాక్టరు మనిషి ట్రాక్టరు లేకుండా, పారతో వచ్చాడు. తాళం తీసుకున్నవాళ్ళు, కాలరు పట్టుకున్నాయన కూడా ఉన్నారు. ఆయన అబ్బాయి వైపు చూడకుండా, "టీ తాగినావా?" అని అడిగాడు. అబ్బాయి తాగానన్నాడు.

అయినా ఎవరూ మట్టి వేయలేదు. పారలు పట్టుకుని నిలబడ్డారు. అందరికీ తెలుసు లోపల ఎవరూ లేరని. పాప ఇంట్లో ఉంది, పొద్దున పాలు తాగింది. ఆ మట్టిని తీసింది ఈ చేతులే. మళ్ళీ అదే మట్టిని అందులో పోయడానికి ఎవరి చెయ్యీ ముందుకు రావడం లేదు. నాదీ రాలేదు.

పాప అవ్వ వచ్చింది. రెండు రోజుల్లో సగం అయింది మనిషి. తల దువ్వుకోలేదు. నేరుగా వచ్చి గుంట అంచున కూర్చుంది.

"పట్ట తీయండి. సూడాల" అంది.

"లోపల ఏం లేదవ్వా" అన్నాడు ట్రాక్టరు మనిషి. "పాప ఇంట్లో ఉండాది గదా. ఇప్పుడే సూసొస్తి, నాకు నాలిక సూపించింది."

"నాకు తెలీదా, ఇంట్లో ఉండేది? తీయమంటాండా."

అబ్బాయి దిగి పట్ట మొత్తం చుట్టేశాడు. అవ్వ నేలనంతా చూసింది. పొయ్యిని చూసింది, ఊడిన పెచ్చులను చూసింది, నాలుగు మూలలూ చూసింది. చూసిన మూలనే మళ్ళీ చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు. చాలాసేపటికి తల ఊపింది. అబ్బాయి పట్ట మళ్ళీ పరిచి పైకి వచ్చాడు.

ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని నేను వంగి రెండు చేతులా మట్టి తీసుకున్నాను. వేయబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"సేత్తో ఏయాకమ్మా" అంది. "సేత్తో మన్నేసేది గోరీలోకి. తట్టతో ఏయి."

చేతిలోని మట్టిని పక్కన వదిలేశాను. చేతులు చీరకు తుడుచుకున్నాను. ట్రాక్టరు మనిషి ఒక తట్ట నింపి నాకు అందించాడు. బరువుగా ఉంది. అవ్వ లేచి తట్టకు అవతలి అంచు పట్టుకుంది. ఇద్దరం కలిసి వంచాం.